సగం చెట్లు తీసేయరా, శీనూ

శీనూ,

నీ ఉత్తరం అందింది, ఫొటోలూ చూశాను. ఆరేళ్లకే టేకు ఇంత ఎత్తు లేచిందంటే అంతా మీ సత్తుపల్లి ఎర్రనేల చలవే. ఒక మాట సూటిగా చెప్తాను, తిట్టుకోకు. వానలు పడేలోపు అందులో సగం చెట్లు నరికించెయ్.

గుండె గుభేల్మంది కదూ? కన్నబిడ్డల్లా పెంచావు, నాకు తెలుసు. కానీ చూడు, రెండు మీటర్లకొకటి చొప్పున ఎకరానికి వెయ్యి మొక్కలు పెట్టావు. చిన్నప్పుడు అలా దగ్గరగా ఉంటేనే వెలుతురు కోసం పోటీపడి నిటారుగా లేస్తాయి, పక్క కొమ్మలు తక్కువేస్తాయి. ఆ పని అయిపోయింది. నీ ఫొటోలో పైన ఆకాశమే కనపడట్లేదు, కొమ్మలన్నీ కలిసిపోయాయి. ఇంకా ఇలాగే వదిలేస్తే వెయ్యీ బక్కగానే ఉండిపోతాయి, ఒక్క మానూ లావెక్కదు.

మొన్న కోతమిల్లులో ఒక దుంగ కోస్తుంటే దగ్గరుండి చూశాను. ఇరుకులో పెరిగిన చెట్టట. మధ్యలో కాస్తంత గోధుమరంగు చేవ, అంటే ముదిరిన గట్టి నడిచెక్క, చుట్టూ అంతా తెల్లచెక్క. ఆ తెల్లచెక్కకి చెద ఇట్టే పడుతుంది, దాంతో తలుపు చేయమని ఎవరడుగుతారు? పైగా ఎండిన కొమ్మని చెట్టు మీదే వదిలేసినట్టున్నారు, పలకలో ఆ ముడి ఊడిపోయి వేలు దూరేంత కన్నం పడింది. తొందరగా పెరిగిన టేకు గట్టిగా ఉండదని అనేవాళ్ల మాట నమ్మకు. లావెక్కే కొద్దీ చేవ పాలు పెరుగుతుంది, ధర పలికేది ఆ చేవకే.

కేరళలోని నీలంబూరులో 1840ల్లో కలెక్టర్ కొనాలీ, ఆయన కింద పనిచేసిన అటవీ అధికారి చాతు మీనన్ కలిసి టేకు తోటలు వేయించారు. ఆనాటి చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అక్కడ 50-60 ఏళ్ల తోటలో మధ్యమధ్య చాలాసార్లు పలచన చేస్తారు. మనవాళ్లేమో 1990ల్లో టేకు కంపెనీలు 20 ఏళ్లలో లక్షలొస్తాయంటే డబ్బులు కట్టారు. మధ్యలో ఇలా నరికి పలచన చేయడం గురించి ఆ కంపెనీలు పెద్దగా నోరెత్తలేదు.

మొదటిసారి కాబట్టి ఐమూలగా వరస విడిచి వరస తీసెయ్, ఎకరానికి ఐదొందలు మిగులుతాయి. తీసే వరసలో బ్రహ్మాండమైన చెట్టుంటే దాన్ని వదిలి, పక్కనున్న వంకరదాన్నో, రెండుగా చీలినదాన్నో కొట్టు. మళ్లీ కొమ్మలు కలిసినప్పుడు రెండో విడత. అప్పుడు వరసలు చూడకు, ఒక్కో చెట్టునీ చూసి ఎంచు. కొట్టిన మొదళ్లు వానలకి చిగురిస్తాయి, ఆ పిలకల్ని విరిచేస్తూ ఉండాలి. కింది కొమ్మలు బొటనవేలంత ఉన్నప్పుడే పదునైన రంపంతో బెరడు చీలకుండా కోయించు. పైసగం మాత్రం ముట్టుకోనివ్వకు.

తొలకరికి పురుగు ఆకు తినేస్తే టెన్షన్ పడకు, చెట్టు చావదు, మళ్లీ చిగురేస్తుంది. నాకు భయమల్లా నిప్పే. ఎండాకాలం రాలిన ఆకు అంటుకుంటే మొదట్లో బెరడు కాలి, అక్కడి నుంచే పుచ్చు పడుతుంది. అన్నిటికంటే ఖరీదైన మొదటి దుంగ అదే కదరా! చుట్టూ గట్టు వెంట ఆకు ఊడ్పించి బాట తీయించు.

మీ నాన్నగారికి నమస్కారాలు చెప్పు. సొంత పొలమైనా టేకు కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా గొడ్డలి పెట్టొద్దు, ఆ కాగితం ముందు కదిలించు. సన్న వాసాలకి పందిళ్లవాళ్లు ఎంతిస్తారో కనుక్కో. నెలాఖరుకి వస్తాను, సున్నం కలిపి ఉంచు, ఉంచాల్సిన చెట్లకి ఇద్దరం కలిసి గుర్తులు పెడదాం.

నీ
రఘు