స్వెంగాలీ అనేసి ఊరుకుంటే ఎలా?

సంపాదకుడి గారికి,

విదేశీ నాయకుల సలహాదారుల గురించో, పాప్ గాయనుల మేనేజర్ల గురించో రాసేటప్పుడు పత్రికలు ‘స్వెంగాలీ’ అనే మాట వాడుతుంటాయి. ఎదుటి మనిషిని గుప్పిట్లో పెట్టుకుని ఆడించేవాడని అర్థం. ఆ మాట పుట్టుక తెలిస్తే ఇంత తేలిగ్గా వాడబుద్ధి కాదు.

జార్జ్ డు మోరియే 1894లో రాసిన ‘ట్రిల్బీ’ నవలలో పాత్ర స్వెంగాలీ. పారిస్‌లో చిత్రకారులకు మోడల్‌గా ఉండే ట్రిల్బీకి శ్రుతి జ్ఞానం బొత్తిగా లేదు. సంగీతకారుడైన స్వెంగాలీ ఆమెను హిప్నటైజ్ చేసి యూరప్ అంతా నీరాజనాలు పట్టే గాయనిని చేస్తాడు. లండన్ కచేరీలో అతను గుండె ఆగి పోగానే ఆమెకు మళ్లీ అపశ్రుతే. పాడిన సంగతే గుర్తుండదు. (ఈ కథ అప్పట్లో ఎంత ఊపేసిందంటే, ఈ నవలను నాటకంగా వేసినప్పుడు వాడిన టోపీకి ఇప్పటికీ ట్రిల్బీ అనే పేరు.) నాకు నిజమనిపించేది మాత్రం మొదట్లో వచ్చే ఒక చిన్న ఘట్టం. అతను ఆమెను మొదటిసారి హిప్నటైజ్ చేసేది కళ్ల నొప్పి తగ్గించడానికి. నొప్పి తగ్గుతుంది కూడా.

స్వెంగాలీ యూదుడు. మురికివాడు, లోభి, మాయగాడు అంటూ యూదుల మీద అప్పటికే ఉన్న దుష్ప్రచారమంతా రచయిత అతనికి అంటగట్టాడు. స్వయానా కార్టూనిస్టు కాబట్టి మనిషి తలతో సాలెపురుగులా బొమ్మ కూడా వేశాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని చేయని దేశద్రోహానికి అరెస్టు చేశారు. ఆ రోజుల గాలి అలాంటిది.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్వెంగాలీ అనగానే ఏదో మంత్రం వేశాడనిపిస్తుంది, అవతలి మనిషి కీలుబొమ్మ అయిపోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015లో వచ్చిన చట్టం ప్రకారం జీవిత భాగస్వామిని గానీ కుటుంబ సభ్యులను గానీ పదేపదే ఇలా అదుపు చేయడం నేరం. గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు. అక్కడ చూసేవి మంత్రాలు కాదు: స్నేహితులను దూరం చేశాడా, ఫోన్ మీద నిఘా పెట్టాడా, జీతం డబ్బు తన చేతిలో పెట్టుకున్నాడా అని.

మీ విలేకరులు కూడా అవే అడగాలని నా మనవి. ఎవరి బ్యాంకు ఖాతా ఎవరి చేతిలో ఉంది, కాంట్రాక్టులో ఏం రాయించుకున్నారు, ఆమె ఎవరిని కలవాలో ఎవరు నిర్ణయించారు? ఈ వివరాలు రాస్తే స్వెంగాలీ అనే మాట అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు