చిన్న భాషలకు నమ్మదగిన వ్యాసాలు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నిరుటి సర్వసభ్య సమావేశంలో మనం ఒక నిర్ణయం తీసుకున్నాం. తెలుగు వికీపీడియాలో కొత్త వ్యాసాల సంఖ్య పెంచే పనిని కొన్నాళ్లు పక్కన పెడదామని, మన దేశంలో పెద్దగా పేరు వినపడని భాషల గురించి ఇప్పటికే రాసి ఉన్నది ఎంతవరకు నిజమో వాక్యం వాక్యం చూసుకుందామని అనుకున్నాం. ఆ పని ఎంతదాకా వచ్చిందో మీ ముందు పెడుతున్నాను. కొత్త వ్యాసాల లెక్క ఈ ఏడాది బాగా తగ్గింది. కార్యవర్గం దృష్టిలో అది మంచికే జరిగింది.

ఎందుకంటే, తెలుగు గురించో తమిళం గురించో ఎవరైనా తప్పు రాస్తే పూట తిరక్కముందే ఇంకొకరు దిద్దుతారు. గదబ, నాయికీ వంటి చిన్న గిరిజన భాషల గురించి తప్పు రాస్తే దిద్దే నాథుడు ఉండడు. ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. ఈలోగా దాన్ని చూసి ఎవరో పత్రికలో కథనం రాస్తారు. అక్కడి నుంచి అది పోటీ పరీక్షల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇంకో రెండేళ్లకు మరొకరు ఆ పుస్తకాన్నే మూలంగా చూపించి అదే తప్పును మళ్లీ వ్యాసంలో చేరుస్తారు. ఈసారి దానికి మూలం కూడా ఉంది కాబట్టి తీసేయడం కష్టం. పెద్ద భాషకు వంద పుస్తకాలు సాక్ష్యం పలుకుతాయి. చిన్న భాషకు చాలాసార్లు ఉన్నది ఒక్క వ్యాకరణం, ఒక జనగణన పట్టిక, మనం రాసిన వ్యాసం, అంతే. అందుకే అక్కడ మన బాధ్యత ఎక్కువ.

గదబ

మన ఆదివారాల్లో సింహభాగం ఈ ఒక్క పేరుకే సరిపోయింది. నెట్‌లో దొరికే చాలా పేజీల్లో గదబ అంటే ఒకే భాష. ఒక పేజీ దాన్ని ముండా భాష (మధ్య, తూర్పు భారతంలోని ఒక భాషా కుటుంబానిది) అంటుంది, ఇంకో పేజీ ద్రావిడ భాష అంటుంది. మొదట్లో మన సభ్యులు రెండు పక్షాలుగా విడిపోయి వాదించుకున్నారు. తీరా పుస్తకాలు తీసి చూస్తే ఇద్దరి దగ్గరా ఆధారం ఉంది. గదబలని పిలిచే జనంలో కొందరు మాట్లాడేది గుతోబ్. అది ముండా భాష, సవరకూ సంతాలీకీ చుట్టం. ఇంకొందరు మాట్లాడేది ఒల్లారి. అది ద్రావిడ భాష, పర్జీకి, కొలామీకి దగ్గర. ఆంధ్ర వైపున ఉన్న కొండెకోర్ గదబ కూడా ద్రావిడమే. ఒడిశాలోని కొరాపుట్ కొండల్లో పక్కపక్క ఊళ్లలో వినిపించినా, గుతోబ్‌కీ ఒల్లారికీ కుటుంబమే వేరు.

ఇక అంకె. 2011 జనగణన గదబ మాతృభాషగా గలవారు 40,976 మంది అని చెబుతుంది. అందులో గుతోబ్ ఎంత, ఒల్లారి ఎంత అన్నది చెప్పదు. గదబ తెగ జనాభా మళ్లీ వేరే లెక్క. ఆ తెగలో తెలుగో, ఒడియానో మాత్రమే మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. తెగ జనాభా తెచ్చి భాష వ్యాసం పక్కన ముఖ్య వివరాలు చూపే సమాచారపెట్టెలో వేసిన పేజీలు మనకు తరచూ కనిపించాయి. ఈ 40,976ను రెండు భాషలకూ ఉజ్జాయింపుగా పంచేద్దామని ఒక ప్రతిపాదన వచ్చింది. చర్చ పేజీలో చాలాసేపు మాట్లాడుకున్నాక వద్దనుకున్నాం. అలా పంచితే ఎవరూ ఎక్కడా ప్రచురించని అంకెను మనమే పుట్టించినట్టవుతుంది. ఇప్పుడు గదబ అని వెతికితే అయోమయ నివృత్తి పేజీ వస్తుంది. అక్కడి నుంచి మూడు వేరువేరు వ్యాసాలకు దారి ఉంటుంది. జనగణన అంకె ఆ మొదటి పేజీలోనే, ఏ ఏడాదిదో, ఏమేం కలిసి ఉందో చెప్పే వాక్యంతో సహా ఉంది. మూడు వ్యాసాల్లోనూ సమాచారపెట్టెలో మాట్లాడేవారి గడి ఖాళీగా ఉంచాం. ఒల్లారికి సుధీభూషణ్ భట్టాచార్య 1957లో వెలువరించిన వ్యాకరణం, కొండెకోర్‌కు పేరి భాస్కరరావు గారి 1980 నాటి గ్రంథం ఆధారం. ఖాళీ గడిని చూసి ఎవరైనా అంకె వేస్తే, దయచేసి ముందు మూలం అడగండి.

అంకెల గురించి ఇంకొంచెం

సవర సంగతి చూడండి. జనగణన ప్రకారం సవర మాట్లాడేవారు 1991లో 2,73,168 మంది, 2001లో 2,52,519 మంది, 2011లో 4,09,549 మంది. ఒక దశాబ్దం తగ్గి, తరువాతి దశాబ్దంలో ఒకటిన్నర రెట్లు దాటింది. దీన్ని పట్టుకుని ఒక చోట సవర అంతరించిపోతోందని, ఇంకో చోట వేగంగా పెరుగుతోందని రాశారు. ఈ హెచ్చుతగ్గులను జననాల లెక్కతో వివరించలేం. ఇంటికి వచ్చిన మనిషి ఏమని అడిగాడు, ఇంట్లోవాళ్లు తమ భాషకు ఏ పేరు చెప్పారు, చెప్పిన పేరును కార్యాలయంలో ఏ పద్దు కింద వేశారు అన్నవాటిని బట్టి కూడా అంకె మారిపోతుంది. 2011లో జనం చెప్పిన పేర్లు 19,569. వాటిని వడకట్టి 1,369 మాతృభాషలుగా, చివరికి 121 భాషలుగా కుదించారు. 10,000 మందికి తక్కువ ఉన్న భాషలను 1971 నుంచి విడిగా చూపడమే లేదు. అందుకే మన వ్యాసాల్లో మూడు జనగణనల అంకెలూ పక్కపక్కన పెట్టి, పెరిగిందనీ తగ్గిందనీ మన మాటగా ఏమీ చేర్చకూడదని నియమం పెట్టుకున్నాం. 2021 జనగణన వాయిదా పడింది కాబట్టి ఇప్పటికీ 2011 అంకెలే గతి. అవి కూడా భాషల పట్టికలుగా బయటికి వచ్చింది 2018లో.

పద్దుల విషయం మన చుట్టుపక్కల వాళ్లకు బాగా తగులుతుంది. పల్నాడు తండాల్లో వినిపించే లంబాడీని జనగణన హిందీ కింద కలిపింది. దేశం మొత్తం మీద 32 లక్షల మందికి పైగా లంబాడీ అని చెప్పుకున్నా, ఆ 121 భాషల పట్టికలో ఆ పేరే కనపడదు. ఎరుకల భాషను తమిళం కింద వేశారు. వ్యాసం రాసేటప్పుడు జనగణన ఇలా వర్గీకరించిందని రాయాలి, లంబాడీ హిందీలో ఒక యాస అని మాత్రం రాయకూడదు. మొదటిది ప్రభుత్వ పట్టిక గురించిన వాస్తవం, రెండోది భాషాశాస్త్రం తేల్చాల్సిన విషయం. ఈ తేడా కొత్తగా చేరిన విద్యార్థులకు అర్థమయ్యేలా చెప్పడానికి వేసవిలో పెనుగంచిప్రోలులో ఒక కార్యశాల పెట్టాం. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు గారు 1877లో పుట్టిన ఊరు అది. పిల్లలు అడిగిన ప్రశ్నలు పెద్దలు అడిగినవాటి కంటే సూటిగా ఉన్నాయి.

ఎరుకల వ్యాసం

ఇది మన జిల్లాల భాష. అయినా దీని మీద రాయడమే అన్నిటికంటే కష్టమైంది. పాత ఆంగ్ల గ్రంథాల్లో ఎరుకల వారి గురించి పుటలకు పుటలు దొరుకుతాయి. వాటిలో చాలా భాగం ఆ జనాన్ని నేరస్థ జాతి అన్న ముద్రతో చూస్తూ రాసినవే. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ కాలంలో ఆ జనాన్ని ఒకచోట ఉంచడానికి వెలిసిన సెటిల్‌మెంటే. 1952లో చట్టం పోయింది, ఆ రాతలు మాత్రం పోలేదు. పోలీసు అధికారుల నివేదికల్లోంచి ఎత్తిన పదాలను ఎరుకల భాష అని చూపించే పేజీలు నేటికీ ఉన్నాయి. పుస్తకం అచ్చయింది కాబట్టి అందులోని ప్రతి వాక్యమూ నమ్మదగినదే అనుకోవడం సరికాదు. పుస్తకం ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఆ భాష వాళ్లకు వచ్చా అన్నది ముందు చూడాలి. ఇప్పుడు వ్యాసంలో భాష స్వరూపం గురించి భాషాశాస్త్రజ్ఞుల మాటే ఉంది: ఇది దక్షిణ ద్రావిడ భాష, తమిళానికి దగ్గర. చట్టం గురించిన చరిత్ర చరిత్రగా వేరే భాగంలో ఉంది.

స్వరం రికార్డు చేయడానికి మన సభ్యులు బాపట్ల వైపు ఒక కాలనీకి వెళ్లారు. బుట్టలు అల్లుతున్న ఒక పెద్దమ్మ ముందు నవ్వేసి ఊరుకుంది. స్వేచ్ఛా లైసెన్సు అంటే ఏమిటో మనవాళ్లు విడమరిచి చెప్పారు. ఒకసారి పెట్టాక ఎవరైనా వినొచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు, తరువాత వెనక్కి తీసుకోలేం అన్నారు. ఆవిడ అల్లిక ఆపి, "అయితే బాబూ, ఇంట్లో వస్తువుల పేర్లు, చుట్టరికాల పేర్లు చెబుతాను, పెట్టుకోండి. దేవుడి పాట మాత్రం పెట్టొద్దు, అది మాది" అంది. అలాగే పెద్దమ్మా అన్నారు, అలాగే చేశారు. ఆ పాట వింటే మనకు ఎంత బాగున్నా, అది మన దగ్గర లేదు. ఉండకూడదు కూడా. పదాల ఆడియో వ్యాసానికి జోడించాం. పిల్లలకు అర్థమవుతుంది గానీ తిరిగి తెలుగులోనే బదులిస్తారని ఆవిడ చెప్పిన మాటను వ్యాసంలో పెట్టలేదు. మనం స్వయంగా విన్నదైనా, ఎక్కడా ప్రచురితం కాలేదు. మౌలిక పరిశోధన, అంటే ప్రచురితం కానిది, కూడదన్న వికీపీడియా నియమం ఇలాంటి చోటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ మాటను నమోదు చేయాల్సిన చోటు విశ్వవిద్యాలయ పరిశోధన. భాషాశాస్త్రం చదువుతున్న మన సభ్యులు ఎవరైనా ఆ పని చేపడితే సంఘం అండగా ఉంటుంది.

ఇతర పనులు

గిడుగు రామమూర్తి గారు మనకు వాడుక భాష ఉద్యమంతోనే గుర్తు. సవర కోసం ఆయన పడిన శ్రమ అంతకు తక్కువది కాదు. 1931లో అచ్చయిన ఆయన సవర వ్యాకరణం ఆధారంగా వ్యాసంలో వ్యాకరణ భాగం చేరింది. సవర రాయడానికి 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపికి విడిగా వ్యాసం వచ్చింది. కొండ (కూబి) అనే ద్రావిడ భాషకు భద్రిరాజు కృష్ణమూర్తి గారి 1969 గ్రంథం ఉంది కాబట్టి దారి సుగమం. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే మీద ఒక హెచ్చరిక: మద్రాసు ప్రెసిడెన్సీని, హైదరాబాదు సంస్థానాన్ని ఆ సర్వేలో చేర్చలేదు. మన వైపు భాష ఆ సర్వేలో కనపడకపోతే అప్పట్లో ఆ భాష లేదని అర్థం కాదు.

పత్రికా కథనాల విషయంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని కోరో భాషను ఉదాహరణగా తీసుకుని చర్చించాం. 2010లో కొత్త భాష దొరికిందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. ఆ ఊళ్లవాళ్లకు అది కొత్తదేమీ కాదు. వార్తను వార్త తేదీతో, పరిశోధకులు అన్నదాన్ని వాళ్ల పేరుతో రాయాలన్నది మనం తేల్చుకున్న పద్ధతి.

కృత్రిమ మేధతో రాయించి పంపిన చిత్తుప్రతులు ఈ ఏడాది బాగా పెరిగాయి. వాక్యం నున్నగా ఉంటుంది, పుస్తకం పేరు, పుట సంఖ్య అన్నీ ఉంటాయి. ఒకదాని కోసం గుంటూరు అన్నమయ్య గ్రంథాలయంలో, వేటపాలెం సారస్వత నికేతనంలో, నెట్‌లోని గ్రంథాలయ జాబితాల్లో వెతికాక తేలిందేమిటంటే, ఆ రచయిత నిజం, ఆ పుస్తకం అబద్ధం. పుట తెరిచి కళ్లతో చూడని మూలాన్ని ఎవరూ చేర్చకూడదని కార్యవర్గం తీర్మానించింది. చిత్తుప్రతితో పాటు ఆ పుట ఫొటో పంపడం ఇకపై తప్పనిసరి.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి సమావేశంలో చదివి వినిపిస్తారు. పెద్ద ఖర్చు పాత వ్యాకరణ గ్రంథాల కొనుగోలు, ఆ తరువాత ప్రయాణ ఛార్జీలు.

వచ్చే ఏడాది లంబాడీ, కొండ వ్యాసాలు చేపడతాం. లంబాడీకి మాచర్ల, వినుకొండ వైపు సభ్యులు ముందుకు రావాలి, ఆ భాష ఇంట్లో మాట్లాడేవాళ్లయితే మరీ మంచిది. కొండ భాషలో రెండు రకాల రకారాలు (ర, ఱ) నేటికీ వేరుగా పలుకుతాయి. ఆ ధ్వనుల భాగం రాయడానికి భాషాశాస్త్రం చదివినవారు ఇద్దరైనా కావాలి. 2003–04లో గిరిజన పాఠశాలల కోసం 8 భాషల్లో తెలుగు లిపితో మాతృభాషా బోధన మొదలైంది. ఆ వాచకాలు మీ ఇళ్లలోనో, బంధువుల దగ్గరో ఉంటే స్కాన్ చేసుకుని తిరిగి ఇచ్చేస్తాం. సభ్యత్వ రుసుము బకాయి ఉన్నవారు సమావేశం నాటికి చెల్లించగలరు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి
విజయవాడ