పత్తాకు బెండాకు అయ్యాక తెలిస్తే ఏం లాభం?

సంపాదకుల వారికి,

గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో 31 ఏళ్లు అసిస్టెంటుగా చేశాను. బ్యూరెట్లు కడిగి పింఛను తెచ్చుకున్న మనిషినని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. రిటైరయ్యాక ప్రత్తిపాడు దగ్గర మా నాన్న ఇచ్చిన రెండెకరాల్లో పత్తి వేస్తున్నాను.

పోయిన ఆగస్టులో చేలో పచ్చదోమ ఎక్కువైతే మందు కొట్టడానికి మనిషిని పిలిచాను. అతను తన బ్యాటరీ స్ప్రేయరే తెచ్చుకున్నాడు. పదహారు లీటర్ల ట్యాంకు. ముందురోజు ఎవరిదో మొక్కజొన్నలో 2,4-డి కలుపుమందు కొట్టి వచ్చాడట. "కడిగావా?" అంటే "రెండుసార్లు కడిగానండీ" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కాకపోతే వట్టి నీళ్లతో కడిగాడు.

వారం తిరక్కుండా చిగురాకులు సన్నగా, వేళ్లలా చీలి, అచ్చం బెండాకుల్లా వచ్చాయి. మందుల షాపాయన ఫొటో చూసి వైరస్ అన్నాడు. ఇంకో సీసా చేతిలో పెట్టి 640 రూపాయలు తీసుకున్నాడు. అది కొట్టేముందు ఎందుకో సాళ్ల వెంట ఒకసారి నడిచాను. మొదటి ట్యాంకు పడిన పది పన్నెండు సెంట్లలో మొక్క మిగలకుండా పాడైంది. రెండో ట్యాంకు పడిన చోట సగం మొక్కలు. మూడు, నాలుగు ట్యాంకుల దగ్గర అక్కడక్కడ. అయిదో ట్యాంకు నుంచి చేను శుభ్రంగా ఉంది. వైరస్సుకు ట్యాంకుల లెక్క ఎలా తెలుస్తుందండీ? పిల్లల చేత ఒక ద్రావణాన్ని పదో వంతు, వందో వంతు పలుచన చేయించే ప్రాక్టికల్ ఒకటుంటుంది. ట్యాంకులో మిగిలిపోయిన 2,4-డితో అదే నా చేలో నా ఖర్చుతో జరిగింది.

ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లు సీసాలో పట్టి ఒక ల్యాబ్‌కు ఫోన్ చేశాను. ఏ మందో ముందే చెప్పాలన్నారు. అన్ని మందులనూ ఒకేసారి చూసే పరీక్షలో కొన్ని కలుపుమందులు దొరకవట, గ్లైఫోసేట్ అనే కలుపుమందుకైతే వేరే పరీక్షేనట. అది నిజమే. కోటి రూపాయలు దాటే యంత్రాలతో చేసే పని కాబట్టి ఫీజు వేలల్లో ఉండటాన్నీ తప్పుపట్టను. కానీ రిపోర్టు వచ్చేసరికి పత్తి పూతకొస్తుంది.

ఆ తర్వాత విజయవాడలో మా చెల్లెలి మనవరాలు చదివే ఇంజనీరింగ్ కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శన పెడితే వెళ్లాను. అక్కడ కొందరు పిల్లలు గ్లైఫోసేట్‌ను పట్టే సెన్సర్ చేశారు. వెలుగునిచ్చే సన్నటి కార్బన్ కణాలున్న నీళ్లలో రాగి లవణం వేస్తే వెలుగు ఆరిపోతుంది. గ్లైఫోసేట్ ఉన్న నీళ్లు కలిపితే అది రాగిని లాగేసుకుంటుంది, వెలుగు తిరిగొస్తుంది. ముచ్చటగా ఉంది. పిల్లలు కష్టపడ్డారు, మెచ్చుకున్నాను. ఏ నీళ్లతో చేశారని అడిగితే మాత్రం "డిస్టిల్డ్ వాటర్ అంకుల్" అన్నారు.

మా దగ్గర డిస్టిల్డ్ వాటర్ ఎక్కడ దొరుకుతుంది? కాలవ నీళ్లలో ఒండ్రు, బోరు నీళ్లలో ఉప్పు. పైగా మిర్చి పండించే జిల్లా మాది. తెగుళ్లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టని రైతు అరుదు. అదే ట్యాంకుతో కొడతాం కాబట్టి అడుగున రాగి ముందే కూర్చుని ఉంటుంది. గ్లైఫోసేట్ ఉన్నా అది ఆ రాగినే పట్టుకుంటుంది, సెన్సర్ వెలగదు. రైతు నిశ్చింతగా మందు కొట్టుకుంటాడు. ఈ మాట చెబితే పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, రాగి సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు.

ఇంకో దారి ఉంది. తడి మట్టిలో చింతగింజ నొక్కి తీస్తే గుంట మిగిలినట్టు, కలుపుమందు అణువును ప్లాస్టిక్ లాంటి పదార్థంలో అచ్చు వేసి కడిగేస్తారు. మళ్లీ ఆ మందు తగిలితే ఆ గుంటలోనే కూర్చుంటుంది. కోవిడ్ కిట్టులాగా యాంటీబాడీ గీత వచ్చే పట్టీలూ చేయొచ్చు. పురుగుమందులను పట్టడానికి వాడే ఎంజైము పట్టీలు మాత్రం దీనికి పనికిరావు, 2,4-డి ఆ ఎంజైము జోలికే పోదు.

పరిశోధన చేసేవాళ్లకు నా మనవి ఒకటే. తాగునీటిలో 2,4-డి లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని మన ప్రమాణం. అంత సూక్ష్మంగా, ఇంకా తక్కువకు పట్టాలని అందరూ పోటీ పడుతున్నారు. తాగునీటికి అది కావాలి, కాదనను. ట్యాంకు లెక్క వేరు. కలుపుకు కొట్టే ద్రావణంలో లీటరుకు గ్రాము, రెండు గ్రాముల మందు ఉంటుంది. అందులో వెయ్యో వంతు మిగిలినా పత్తి ఆకు మారిపోతుంది. అంటే లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు పట్టగలిగితే నా పని అయిపోతుంది. తాగునీటి పరీక్షతో పోలిస్తే ఇది చాలా సులువు. ముంచితే పది నిమిషాల్లో రంగు మారే పట్టీ, టీ ఖర్చుకు అటూఇటూగా, రైతు సేవా కేంద్రంలో దొరికితే చాలు. ఎంత ఉందో అంకె అక్కర్లేదు, ఉందో లేదో చెబితే చాలు. గుంటూరు దగ్గరి లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు, ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు ఒక్కచోట కూర్చుంటే అయ్యే పనే అనుకుంటున్నాను.

ప్రస్తుతానికి కలుపుమందుకు వేరే స్ప్రేయర్ కొని ట్యాంకుకు ఎర్ర రంగు పూశాను. బయటివాళ్ల స్ప్రేయర్ వస్తే అమ్మోనియా కలిపిన నీళ్లు రాత్రంతా నింపి ఉంచమంటున్నాను. పొద్దున కడిగిన చివరి నీళ్లు కుండీలోని బొబ్బర మొక్కల మీద చల్లి, మెలి తిరుగుతాయేమోనని రెండు మూడు రోజులు చూస్తాను. కూలి మనిషికి ఇది చాదస్తంలా కనిపిస్తోంది. అతని తప్పేం లేదు, అన్ని రోజులు పని ఆపుకుంటే అతనికి గడవదు.

ఆ రోజు ట్యాంకు అడుగున పట్టిన నీళ్లు ముదురు రంగు సీసాలో, మూత బిగించి, ఇంట్లో ఫ్రిజ్‌లో దాచాను (దీని మీద రోజూ గొడవే). మా కాలవ నీళ్లు, బోరు నీళ్లు కూడా ఎన్ని సీసాలు కావాలంటే అన్ని పట్టి ఇస్తాను. ఆ పిల్లలు మళ్లీ పరీక్ష చేస్తానంటే విజయవాడ బస్సెక్కి నేనే తెచ్చిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ల్యాబ్ అసిస్టెంట్, పత్తి రైతు
ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా