ఆవకాయ డబ్బాలు ఎక్కడిదాకా వచ్చాయంటే

బ్రిటన్‌లో ఉన్న మన కస్టమర్లందరికీ నమస్కారం. "మే నెలలో పెట్టిన ఆవకాయ జులై అయిపోతున్నా రాలేదేంటండీ" అని రోజూ మెసేజ్‌లు వస్తున్నాయి. అడగాల్సిందే, డబ్బు కట్టినవాళ్లు మీరు. సరుకు ప్రస్తుతం కొలంబో రేవులో ఉంది. పెద్ద ఓడ ఇంకా ఎక్కలేదు.

2023 నవంబరులో యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారులు ఎర్ర సముద్రంలో గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకెళ్లారు. ఆ తర్వాత దాడులు పెరగడంతో డిసెంబరు నుంచి పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయజ్ దారి వదిలేసి ఆఫ్రికా కింది నుంచి చుట్టి వెళ్లడం మొదలుపెట్టాయి. మన సరుకు ఎక్కే ఓడలదీ ఇప్పటికీ ఆ దారే. పది, పద్నాలుగు రోజులు అక్కడే పెరుగుతాయి.

అలాగని నెపమంతా ఎర్ర సముద్రం మీదికి నెట్టేస్తే మిమ్మల్ని మభ్యపెట్టినట్టే. చుట్టుదారికి ఎన్ని రోజులో ముందే తెలుసు కాబట్టి లెక్క వేసుకోవచ్చు. లెక్కకు అందనివి మధ్యలో ఆగే రోజులు. చెన్నైలో చిన్న ఓడ ఎక్కిన సరుకును కొలంబోలో దింపి, యూరప్ వెళ్లే ఓడలోకి మార్చాలి. అది నిండిపోతే తర్వాతి ఓడ వచ్చేదాకా యార్డులో పడి ఉండాల్సిందే.

పైగా కంటెయినర్ మొత్తం మనది కాదు. ఒక్కో ఘనమీటరుకు ఇంతని కట్టి నలుగురితో పంచుకునేది. అందులో అగరుబత్తీలు, స్టీలు సామాను, బట్టలు, ఏవైనా ఉండొచ్చు. కిందటిసారి ఎవరిదో సరుకు పేర్చిన చెక్క ప్యాలెట్‌కు పురుగు పట్టకుండా వేడి చేసినట్టు ముద్ర లేదని బ్రిటన్‌లోని ఫీలిక్స్‌టో రేవులో కంటెయినరంతా ఆపేశారు. మన కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నా ఆ ప్యాలెట్ తేలేదాకా మనదీ కదల్లేదు, యార్డు అద్దెలో మన వాటా మనకు పడింది. కంటెయినర్ మొత్తం మాట్లాడుకునేంత సరుకు మన దగ్గర లేదు మరి.

మన చేతిలో ఉన్నది లేబుల్, ప్యాకింగ్. బ్రిటన్ అలర్జీ జాబితాలోని పద్నాలుగింటిలో ఆవాలు, నువ్వులు రెండూ ఉన్నాయి. అంటే మన ఆవకాయలో ఆవపిండీ, నూనే! రెంటినీ లేబుల్ మీద బోల్డ్‌లో వేస్తున్నాం. కారం మీదా అక్కడివాళ్లకు అనుమానం ఎక్కువే. 2005లో సూడాన్ అనే, తిండిలో వాడకూడని రంగు కలిసిన కారంపొడి వల్ల అక్కడ వందల రకాల సరుకును దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. అందుకే ప్రతి బ్యాచ్ కారానికీ ల్యాబ్ రిపోర్టు జత చేస్తున్నాం.

ఎండకు కంటెయినర్ లోపల కాలిపోతుంది. నూనె పొంగి మూత మరల్లోంచి కారకుండా డబ్బాను అంచుదాకా నింపడం మానేసి, మూత కింద అల్యూమినియం సీలు వేస్తున్నాం. డబ్బా తెరిచాక పైముక్కలు పొడిగా కనిపిస్తే కంగారు పడకండి. నువ్వుల నూనె కాచి, బాగా చల్లార్చి పోసి కలపండి.

విమానంలో పంపమంటున్నారు. పంపొచ్చు, కానీ పచ్చడి కంటే కిరాయే ఎక్కువవుతుంది. అది నాకు నచ్చని బేరం. చికెన్, రొయ్యల పచ్చళ్లు, నేతి స్వీట్లు మాత్రం ఎంత బతిమాలినా పంపను. వాటికి గుర్తింపు పొందిన ఫ్యాక్టరీ, ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మావి ఇంటి వెనక షెడ్డులో తయారయ్యేవి. "బట్టల మధ్య పెట్టేయండి" అనే సలహా కూడా వద్దు, దొరికితే అందరి సరుకూ ఆగుతుంది.

ఇకనుంచి ఫలానా తేదీకి అందుతుందని రాయను. కిలోకు ఒక పౌండు పెంచుతున్నాను, ఇప్పటికే కట్టినవాళ్లకు పాత ధరే. ఆగలేమనుకున్నవాళ్లు మెసేజ్ పెట్టండి, డబ్బు పూర్తిగా వెనక్కి వేస్తాను. సరుకు కొలంబోలో ఓడ ఎక్కగానే ఓడ పేరు వాట్సాప్ గ్రూపులో పెడతాను, ఎక్కడుందో మీరే చూసుకోవచ్చు.

సంక్రాంతికి కావాల్సినవాళ్లు అక్టోబరు 10 లోపు చెప్పండి. గోంగూర, నిమ్మకాయ ఉంటాయి. ఆ సరుకు బయలుదేరే నాటికి ఉసిరి ఇంకా చేతికి రాదు, అడగొద్దు.