మాలేరి మట్టిని జల్లెడ పట్టాలి

సంపాదకులకు,

వానలు మొదలయ్యాక హనుమకొండ, కాజీపేట కాలనీల్లో పూలకుండీల కిందా స్నానాల గదుల్లో కనిపించే సన్నని గుడ్డిపామును కొందరు సిసీలియన్ అనుకుంటున్నారు. గుడ్డిపాము ఒళ్లంతా పొలుసులున్న సరీసృపం. సిసీలియన్ కప్పలకు దగ్గరి బంధువైన ఉభయచరం. దానికి కాళ్లుండవు, చర్మం తడిగా ఉంటుంది, ఒంటి చుట్టూ ఉంగరాల్లా ముడతలుంటాయి. మన దేశంలో ఇవి ముఖ్యంగా పడమటి కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నాయి. తూర్పు కనుమల నుంచి కూడా 2013లో ఒక కొత్త జాతిని వర్ణించారు. వీటి పూర్వీకుల శిలాజాల కోసం మన మాలేరి శిలల్లో వెదకాలని కోరడానికే ఈ లేఖ.

మట్టిలో బతుకుతుంది కనుక దాని కళ్లను చర్మమో, కొన్ని జాతుల్లో ఎముకో కప్పేస్తుంది. ఆ లోటు తీర్చడానికి కంటికీ ముక్కు రంధ్రానికీ మధ్య నుంచి చిన్న స్పర్శాంగం ఒకటి బయటికి వస్తూ లోపలికి పోతూ ఉంటుంది. ఇలాంటిది కప్పల్లోనూ, తోక ఉన్న ఉభయచరాలైన సలమాండర్లలోనూ లేదు. తల ఎముకలు గట్టిగా కలిసిపోయి ఉండటం వల్ల తలతోనే మట్టిని తొలుచుకుంటూ పోగలుగుతుంది. కెన్యాలోని ఒక జాతిలో తల్లి పైచర్మం కొవ్వుతో మందమవుతుందనీ, పిల్లలు ప్రత్యేకమైన పళ్లతో దాన్ని గీరి తిని పెరుగుతాయనీ 2006లో తెలిసింది. తల్లికి దీనివల్ల ప్రాణాపాయమేమీ లేదు.

ఇక వీటి పుట్టుక విషయం. కాళ్లు లేని ఈ జంతువుల పూర్వీకులకు కాళ్లుండేవని అమెరికాలోని ఆరిజోనాలో దొరికిన ఇయోసిసీలియా అనే జురాసిక్ శిలాజం 1993లో నిరూపించింది. అవి మరీ చిన్న కాళ్లు. అదే రాష్ట్రంలో దొరికిన ఫంకస్‌వెర్మిస్ అనే మరో సిసీలియన్ శిలాజం గురించి 2023లో ప్రకటించారు. ఇది జురాసిక్‌కు ముందటిదైన ట్రయాసిక్ కాలపు, దాదాపు 22 కోట్ల ఏళ్ల నాటి శిలల్లోది. చిన్న చిన్న దవడ ఎముకలే అక్కడ ప్రధాన ఆధారం.

మన కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల ప్రాంతాల్లోని మాలేరి శిలలు కూడా ట్రయాసిక్ చివరి భాగానివే. ఆరిజోనాలో లాగే ఇక్కడా మెటోపోసార్ అనే పెద్ద ఉభయచరాలూ, మొసలిని పోలిన ఫైటోసార్లూ దొరికాయి. యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టుకున్నాం, సంతోషమే. కానీ పెద్ద ఎముకల మీద ఉన్న మోజు గోరంత దవడల మీద లేదు. అవి కంటికి ఆనవు కనుక మట్టిని నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడల్లో కడిగి, మిగిలినదాన్ని సూక్ష్మదర్శిని కింద ఏరవలసి ఉంటుంది.

ఆ కాలంలో సిసీలియన్లు భూమధ్యరేఖకు దగ్గరి తేమ ప్రాంతాలకే పరిమితమయ్యాయన్నది శాస్త్రవేత్తల అభిప్రాయం. అప్పటి మన నేల అంతకంటే చాలా దక్షిణాన ఉండేది. మాలేరిలో ఒక్క దవడ దొరికినా ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వస్తుంది. ఎంత వెదికినా దొరకకపోతే అది మరింత బలపడుతుంది. మరోవైపు, ఈశాన్య భారతంలోని చికిలా అనే సిసీలియన్ల కుటుంబాన్ని 2012లో వర్ణించినప్పుడు, దాని దగ్గరి బంధువులు ఆఫ్రికాలో ఉన్నాయని తేలింది. అంటే ఖండాలు విడిపోకముందే ఇవి మన నేల మీదికి చేరాయన్నమాట. ఎప్పుడు చేరాయో చెప్పగలిగేవి శిలాజాలే.

కనుక భూగర్భ సర్వేక్షణ సంస్థ, మన విశ్వవిద్యాలయాలు కలిసి మాలేరి శిలల్లో ఈ సన్నని వెదుకులాటను క్రమం తప్పకుండా సాగించాలని, ఆసిఫాబాద్, మంచిర్యాల డిగ్రీ కళాశాలల విద్యార్థులకు జల్లెడ పట్టే పనిలో శిక్షణ ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ