డయాంతస్‌ని టీవీ పక్కన పెట్టమనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇండోర్ మొక్కల మీద వచ్చిన వ్యాసం చదివాను. మనీప్లాంటు, స్నేక్ ప్లాంటు సరసన డయాంతస్ అనే పూలమొక్కని కూడా కూర్చోబెట్టి, టీవీ పక్కనో మెట్ల మలుపులోనో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకోమన్నారు. ఫొటో చాలా బాగుంది. అది చూసి మొక్క కొనేసేవాళ్ల గురించే నా బెంగ.

నేను బట్టలు కుడతాను. వెలుతురు కోసం మిషను కిటికీకి ఆనించి వేసుకున్నాను, ఆ కిటికీ గట్టు మీదే నా డయాంతస్ కుండీలు. పొద్దస్తమానం కళ్లెదుటే ఉంటాయి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, ఇది ఎండ మొక్క. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. మనీప్లాంటు నీడలో సర్దుకుపోతుంది, దీనికి ఆ గుణం లేదు. పోనీ వెంటనే చచ్చిపోతుందా అంటే అదీ లేదు. కణుపుకీ కణుపుకీ మధ్య ఎడం పెరిగి, కాడలు సన్నగా సాగి వెలుతురు వైపు వాలిపోతాయి, మొగ్గ మాత్రం వేయదు. ఎరువు చాలలేదేమోనని మనం ఇంకాస్త ఎరువేస్తాం, అది ఇంకాస్త సాగుతుంది. ఎండ వచ్చే కిటికీ లేని ఇంట్లో అయితే మొక్కల కోసం అమ్మే ఎల్‌ఈడీ లైటు రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించాల్సిందే. గదిలో ట్యూబులైటు ఉంది కదా అంటే సరిపోదు.

‘రోజూ నీళ్లు చిలకరించండి’ అని కూడా రాశారు. దీనికి అంతకన్నా కీడు లేదు. పైమట్టి అంగుళం లోతు దాకా ఆరాక, ఆకులు తడవకుండా మట్టి మీదే పోయాలి, కింద పళ్లెంలోకి దిగిన నీళ్లు పారబోయాలి. ఆకులు గుబురుగా ఉండే మొదలు దగ్గర తడి నిలిచిందంటే అక్కడే కుళ్లు మొదలవుతుంది. అందుకే మొదలు మీదికి మట్టి ఎగదోయకూడదు. మట్టిలో ముతక ఇసుకో, పెర్లైటు అనే తేలికపాటి తెల్ల గుళికలో కలిపి గుల్లగా ఉంచాలి. పుల్ల నేల దీనికి పడదు, మట్టి పులుపును కొలిచే ఉదజని సూచిక (పీహెచ్) 6.5 నుంచి 7.5 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. చల్లదనం ఇష్టం, ఎండలు ముదిరితే పూత ఆపేస్తుంది. అప్పుడు కంగారుపడి నీళ్లు పెంచకండి.

ఇంతకీ మీ ఫొటోలో కుండీ పక్కనే పళ్ల బుట్ట ఉంది. ముగ్గిన పళ్ల నుంచి ఇథిలీన్ వాయువు వస్తుంది. డయాంతస్ జాతి పూలకు, అందులోనూ కార్నేషన్‌కి, అది సోకితే రేకులు లోపలికి ముడుచుకుని వేళకు ముందే వాడిపోతాయి. ఫొటో తీశాక బుట్ట తీసేశారనే అనుకుంటాను.

పూలు తుంచడం గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేదు, అసలు పని అదే. ఈ పువ్వు అంచు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించినట్టు పళ్లుపళ్లుగా ఉంటుంది. వాడేటప్పుడు ముందు ఆ అంచులే మెలి తిరుగుతాయి. చాలామంది అప్పుడు రేకులు లాగేసి పనైపోయిందనుకుంటారు. రేకుల కింద పచ్చటి గొట్టం లాంటిది మిగిలిపోతుంది, గింజ కట్టేది అందులోనే. గింజ పడితే మొక్క శక్తి అంతా అటే పోతుంది. గొట్టంతో సహా, కింద ఉన్న ఆకుల జత దాకా కోసేయాలి. నేను దారాలు కత్తిరించే చిన్న కత్తెరే వాడతాను, సందుల్లోకి బాగా వెళుతుంది. ఆ జత మొదళ్ల నుంచే కొత్త కొమ్మలు వస్తాయి.

గాలి ఆడని పొడి గదిలో ఎర్రనల్లి అనే చిన్న పురుగు కూడా పడుతుంది. ఆకులు పాలిపోయి సన్నటి చుక్కలు కనిపిస్తే కింద తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు నడుస్తుంటే అదే.

‘పూత అయ్యాక పారేసి కొత్తది కొనుక్కోండి’ అన్న సలహా మాత్రం నాకు మింగుడు పడలేదు. మొక్క ముసలిదైతే పూత పలచబడే మాట నిజమే. పువ్వు లేని కొమ్మను మూడు నాలుగు అంగుళాలు, కణుపుకి సరిగ్గా కింద కోసి, కింది ఆకులు తీసేసి తడి ఇసుకలో గుచ్చితే కొద్ది వారాల్లో వేరు పడుతుంది. పారేసేంత పాపం ఏం చేసిందండీ అది?

పిల్లులు, కుక్కలు ఉన్న ఇళ్లలో కాస్త ఎత్తున పెట్టమనండి. నమిలితే వాటికి కడుపులో తిప్పుతుంది.

ఇకమీదట ఇలాంటి వ్యాసాల్లో మొక్క పేరు పక్కన రోజుకు ఎన్ని గంటల ఎండ కావాలో వేయండి. ఫొటో కొంచెం చిన్నదైనా ఫర్వాలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు