ట్రైలర్ వైరింగ్ పనుల్లో మార్పులు: మా కస్టమర్లకు ఓ మాట

మా వర్క్‌షాప్‌కి వచ్చేవారందరికీ నమస్కారం.

ఇక నుంచి టోబార్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక ఉండే కడ్డీ) వైరింగ్ కోసం కారు ఒక్కటే తెస్తే పని మొదలుపెట్టం, ట్రైలర్‌ను కూడా వెంట తీసుకురావాలి. ఎల్ఈడీ లైట్లున్న ట్రైలర్లకు రెసిస్టర్లు (బల్బు ఉందని కారును నమ్మించడానికి అదనంగా కరెంటు లాగే చిన్న భాగాలు) కట్టడం కూడా ఆపేశాం. ఈ రెండు మాటలకీ ఇప్పటికే ఫోన్లో బాగానే మాటలు పడ్డాం. 'వేరేచోట అయితే గంటలో చేసి పంపిస్తారు' అన్నవాళ్లూ ఉన్నారు. పంపిస్తారు, నిజమే. మేమెందుకు పంపడం లేదో వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ట్రైలర్ తగిలించిన సంగతి కారుకు ఎలా తెలుస్తుందని చాలామంది అడుగుతుంటారు. హుక్ మీద బరువు పడటం వల్ల అని కొందరు, ప్లగ్ దూర్చగానే 'ట్రైలర్ వచ్చింది' అని చెప్పే వైరు ఒకటి ఉంటుందని కొందరు అనుకుంటారు. 7 పిన్‌ల సాకెట్‌లో అలాంటి వైరే లేదు. 13 పిన్‌ల సాకెట్‌లోనూ ఆ పనికని ఉంచిన 12వ పిన్ ఎక్కువ బండ్లలో ఖాళీగా పడి ఉంటుంది. కొన్ని సాకెట్లలో ప్లగ్ లోపలికి వెళ్లగానే నొక్కుకునే చిన్న స్విచ్ ఉంటుంది. కారు వెనక ఫాగ్ లైటును, కొన్నింట్లో పార్కింగ్ సెన్సర్లను ఆపడం దాని పని. అంతవరకే.

చాలా కార్లలో మిగతా లెక్కంతా కరెంటును బట్టే. డిక్కీ పక్క ప్యానెల్ వెనక ఉండే ట్రైలర్ మాడ్యూల్, లైట్లకు వెళ్లే ఒక్కో వైరులో ఎంత కరెంటు పోతోందో కొలుస్తూ ఉంటుంది. ఇండికేటర్ బల్బు 21 వాట్లు. 12 వోల్టుల మీద అది 1.75 ఆంపియర్లు లాగుతుంది. టెయిల్ లైటు బల్బు 5 వాట్లు, అంటే 0.4 ఆంపియర్ పైచిలుకు. ఆ మాత్రం కరెంటు పోతుంటే అవతల ట్రైలర్ ఉన్నట్టు, పోకపోతే లేనట్టు.

లైట్లు వేయకముందే కనిపెట్టే మాడ్యూళ్లు కూడా ఉన్నాయి. అవి ఉండుండి ఒక్క సెకనులో వందో వంతు కూడా ఉండని చిన్న పల్స్‌ను వైరులోకి వదులుతాయి. చల్లగా ఉన్న ఫిలమెంట్ రెసిస్టెన్స్ చాలా తక్కువ. 21 వాట్ల బల్బును విడిగా తీసి మల్టీమీటర్ పెడితే ఒక ఓమ్ కూడా చూపించదు, వెలిగి వేడెక్కాక అదే 7 ఓమ్‌ల దగ్గరికి వెళ్తుంది. (పనిలో కొత్తగా చేరిన కుర్రాళ్లు ఈ రీడింగ్ చూసి, షార్ట్ అయిందని మంచి బల్బును పారేయబోతారు.) మాడ్యూల్ ఆ తక్కువ రెసిస్టెన్స్‌ను చూసి బల్బు ఉందని తేల్చుకుంటుంది. ఫిలమెంట్ ఎర్రబడే లోపే పల్స్ అయిపోతుంది కాబట్టి మన కంటికి ఏమీ తెలియదు.

ఎల్ఈడీలు వచ్చాక ఈ లెక్క తప్పింది. ఎల్ఈడీ ఇండికేటర్ ఒకటి రెండు వాట్ల నుంచి మూడు నాలుగు వాట్ల దాకా తీసుకుంటుంది. మూడు వాట్లనుకుంటే పావు ఆంపియర్. బల్బును దృష్టిలో పెట్టుకుని చేసిన మాడ్యూల్‌కు అది ఆనదు. పైగా బల్బును కదిలించని ఆ చిన్న పల్స్‌కే ఎల్ఈడీ టక్కున వెలుగుతుంది. కారు ఆపి తాళం వేశాక కూడా ట్రైలర్ లైట్లు మినుకుమంటున్నాయని, ఎక్కడో షార్ట్ అయిందని టెన్షన్ పడుతూ ఫోన్ చేసేవాళ్లున్నారు. చాలాసార్లు అందులో భయపడాల్సింది లేదు. మాడ్యూల్ చీకట్లో తడిమి చూసుకుంటోంది, అంతే.

'లైట్లు వెలుగుతున్నాయి కదా, కారుకు తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత' అనేవాళ్లకు రివర్స్ గేర్ వేసినప్పుడు తేడా తెలుస్తుంది. వెనక ఏదో గోడ ఉందనుకుని సెన్సర్లు ఆపకుండా మోగుతాయి. వెనక ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉన్న బండ్లయితే ఏకంగా బ్రేకే వేసేస్తాయి. ఫాగ్ లైటు వెలుగు ట్రైలర్ ముందు పలక మీద పడి అద్దాల్లో కొడుతుంది. ఇవి చిరాకులే, ఎలాగో ఓర్చుకోవచ్చు. ట్రైలర్ స్టెబిలిటీ విషయం అలా కాదు. వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలైతే, ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు) సెన్సర్లు ఆ ఊపును పసిగట్టి, చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసి, ఇంజన్ పవర్ తగ్గించి బండిని అదుపులోకి తెచ్చే ఏర్పాటు చాలా కార్లలో ఉంది. వాటిలో చాలా మోడళ్లలో, ట్రైలర్ ఉందని మాడ్యూల్ చెబితేనే అది రంగంలోకి దిగుతుంది. చెప్పకపోతే ఉండీ లేనట్టే.

దీనికి అందరూ చేసే చవక వైద్యం రెసిస్టర్. ఎల్ఈడీ పక్కన ప్యారలల్‌గా 6 ఓమ్‌లు, 50 వాట్లది ఒకటి కట్టేస్తారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 వోల్టుల మీద అది 2.25 ఆంపియర్లు లాగుతుంది, కారు దాన్ని బల్బనుకుని ఊరుకుంటుంది. చేతికి మట్టంటని పని. అడిగినవాళ్లు సంతోషిస్తారు, మాకూ డబ్బులొస్తాయి. కానీ ఆ కరెంటంతా, అంటే 30 వాట్లు, ఉత్త వేడి కిందే పోతుంది. ఇండికేటర్ సగం సేపు ఆరి ఉంటుంది కాబట్టి కొంత నయం. బ్రేక్ లైటుకు కట్టారనుకోండి, ట్రాఫిక్‌లో పెడల్ మీద కాలు ఉన్నంత సేపూ అది కాలుతూనే ఉంటుంది. ఇలా కట్టిన లైట్లు మా దగ్గరికి రిపేరుకు వస్తాయి. ప్లాస్టిక్‌కు ఆనించి టేపు చుట్టిన రెసిస్టర్ చుట్టూ లైటు డబ్బా గోధుమ రంగుకు తిరిగి, ఉబ్బి ఉంటుంది. పక్కనే ఉన్న వైరు తొడుగును గోటితో గీకితే పొడిపొడిగా రాలుతుంది.

వేడి సంగతి అల్యూమినియం పలకకు బిగించి ఏదోలా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకోటుంది. రెసిస్టర్ బాగున్నంత కాలం, ఎల్ఈడీ పోయినా కారుకు తెలియదు. ట్రైలర్ కుడి ఇండికేటర్ చచ్చిపోయి ఉంటుంది, డాష్‌బోర్డు మీద మాత్రం అంతా సవ్యంగా టిక్‌టిక్‌మంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన లైట్ల నిబంధన ఆర్48 చెప్పేదేమిటంటే, ట్రైలర్ లాగే వాహనంలో ట్రైలర్ ఇండికేటర్ల కోసం విడిగా సూచిక దీపం ఉండాలి, లేదంటే కారులో ఉన్న సూచికే రెండింటిలో ఏ ఇండికేటర్ పోయినా తెలియజేయగలగాలి. అంత జాగ్రత్త తీసుకుని పెట్టిన హెచ్చరిక నోరు మనమే నొక్కేస్తున్నామన్నమాట. ఇది మా చేతులతో చేయదలచుకోలేదు.

ఇప్పుడు మేం ముందు చూసేది ట్రైలర్ మీద ఏ లైట్లున్నాయనేది. ఎల్ఈడీ ఇండికేటర్లకు ఐఎస్ఓ 13207 అని ఒక ప్రమాణం ఉంది. దానికి తగ్గట్టు తయారైన లైటు బాగున్నప్పుడు, వెలిగిన ప్రతిసారీ మొదట్లో కాస్త కరెంటు ఎక్కువ లాగి 'నేను ఉన్నాను' అని మాడ్యూల్‌కు చెబుతుంది. పాడైతే లాగదు. వీలైతే అలాంటి లైట్లే పెట్టించుకోమంటాం. ఖరీదు కొంచెం ఎక్కువే. కారు వైపు, మీ మోడల్‌కే తయారైన వైరింగ్ కిట్ దొరికితే అదే వేస్తాం. అది కారు క్యాన్ లైనులో (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లలో) కలిసి, ట్రైలర్ ఉందనే మాటను బ్రేకులకు, సెన్సర్లకు నేరుగా అందిస్తుంది. అలాంటి కిట్లలో తక్కువ కరెంటును గుర్తించే మాడ్యూళ్లు కూడా ఉన్నాయి. వైర్లు కలపగానే పని అయిపోదు, ట్రైలర్ లాగే కారని కంట్రోల్ యూనిట్లలో, అంటే కారులోని కంప్యూటర్లలో, కోడింగ్ (నమోదు) చేయాలి. దాన్ని వదిలేసి వచ్చిన కార్లు ఎక్కువే కనిపిస్తున్నాయి. లైట్లు భేషుగ్గా వెలుగుతుంటాయి, స్టెబిలిటీకి మాత్రం కబురే అందదు.

బైపాస్ రిలే కిట్ గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. అది ఫ్యూజ్ పెట్టి ట్రైలర్ లైట్లకు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటిస్తుంది, కారు లైట్ల వైరు నుంచి సిగ్నల్ మాత్రమే తీసుకుంటుంది. కారు వైరింగ్ మీద భారం పడదు, ఎల్ఈడీ అయినా బల్బయినా ఒకటే. కానీ ట్రైలర్ ఉన్నట్టు కారుకు తెలియదు. పాత బండ్లకు, చిన్న లగేజీ ట్రైలర్లకు అది చాలు, వేస్తాం. స్టెబిలిటీ ఉన్న కారుతో పెద్ద కారవాన్ (ఇల్లులాంటి ట్రైలర్) లాగేవాళ్లు అదే వేయమంటే ముందు ఈ పేరా చదవమంటాం. టెయిల్ లైటు వైరును గిల్లి నేరుగా ట్రైలర్‌కు లైను లాగమంటే మాత్రం ఏ కారుకైనా చేయం. ఈ రోజుల్లో చాలా కార్లు బల్బుకు కరెంటును తునకలు తునకలుగా పంపుతాయి. దాని మీద ఇంకో లోడు వేలాడదీస్తే మొదటికే మోసం.

ఇక ట్రైలర్ ఎందుకు తేవాలంటే, 'కారు ట్రైలర్‌ను గుర్తుపట్టడం లేదు' అని వచ్చేవాటిలో చాలావాటికి రోగం కారులో ఉండదు, ట్రైలర్ ఎర్త్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరులో) ఉంటుంది. ప్లగ్ మూత తిప్పి చూస్తే ఎర్త్ పిన్ పచ్చటి చిలుము పట్టి ఉంటుంది, తెల్ల వైరులో రెండు మూడు తీగలే స్క్రూ కింద మిగిలి ఉంటాయి. ఇండికేటర్ వేస్తే కరెంటు తిరిగి వెళ్లే దారి లేక, పక్క బల్బుల గుండా దొంగదారి వెతుక్కుంటుంది. ఇండికేటర్‌తో పాటు టెయిల్ లైటు కూడా మసగ్గా కొట్టుకుంటే అనుమానించాల్సింది దాన్నే. మాడ్యూల్‌కు సగం కరెంటే కనబడి, ఒకసారి ట్రైలర్ ఉందంటుంది, ఒకసారి లేదంటుంది. వర్షంలో ఇంకా ఎక్కువ. మా దగ్గర అసలు బల్బులు బిగించిన టెస్ట్ బాక్స్ ఉంది. ముందు దాన్ని కారుకు తగిలించి చూస్తాం, తర్వాత మీ ట్రైలర్ తగిలిస్తాం. మొదటిదానికి కారు పలికి రెండోదానికి పలక్కపోతే తప్పెక్కడుందో ఇక వెతకక్కర్లేదు. మీ ట్రైలర్ లేకుండా ఇందులో సగమే చేయగలం.

దీనివల్ల రోజుకు తీసుకునే బండ్లు తగ్గాయి. కోడింగ్ ఉన్న పనికి లేబర్ చార్జీ కూడా పెంచాం. బుకింగ్ కోసం వారం పైనే ఆగాల్సి రావచ్చు. అంత ఆగలేనివాళ్లు వేరేచోట చేయించుకుంటే మాకేం కోపం లేదు. రెసిస్టర్లు కట్టారో లేదో, కోడింగ్ చేశారో లేదో మాత్రం అడిగి తెలుసుకోండి.

మా దగ్గరికి రాకముందే చూసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. ప్లగ్‌ను ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉండగానే పెట్టి, తర్వాత ఆన్ చేయండి. ఆ సమయంలోనే వెతికి చూసి, మళ్లీ ఆపేదాకా పట్టించుకోని కార్లు ఉన్నాయి. లైట్ల బోర్డు ఉన్న సైకిల్ క్యారియర్ తగిలించినా కారు దాన్ని ట్రైలరే అనుకుంటుంది, పార్కింగ్ సెన్సర్లు ఆగిపోతే కంగారు పడకండి. 7 నుంచి 13 పిన్‌ల అడాప్టర్‌ను పని అయిపోగానే పీకేయండి. సాకెట్‌లోనే వదిలేస్తే మూత సరిగ్గా పడక నీళ్లు దిగుతాయి.

బుకింగ్‌కు మెసేజ్ పెట్టేటప్పుడు కారు మోడల్, తయారైన సంవత్సరం, ట్రైలర్ మీద ఉన్నవి బల్బులా ఎల్ఈడీలా అన్నది రాయండి. ప్లగ్ మూత తీసి లోపలి పిన్‌లు కనబడేలా ఒక ఫొటో కూడా పంపండి. చిలుము ఉంటే కొత్త ప్లగ్ ముందే తెప్పించి పెడతాం.